రిషికేశ్ రాఫ్టింగ్ సందేశము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘానికి దారి చెబుతాడు. రామగిరిలో బయల్దేరి అలకాపురి చేరేదాకా ఏ కొండ మీద అలుపు తీర్చుకోవాలి, ఏ ఊరి మీదుగా పోవాలి, ఏ నదిలో నీళ్ళు తాగాలి, అన్నీ ముందే వివరంగా చెప్పేశాడు. హరిద్వార్ పక్కనున్న కనఖలం, అక్కడి గంగ కూడా ఆ దారిలోనే వస్తాయి. అంత చక్కగా వేసుకున్న ప్రయాణం మన వాఙ్మయంలో మరొకటి కనబడదు. కారణం వెతకనక్కర్లేదు. వెళ్ళేది ఒక్క మేఘం. గ్రూపు లేదు.

ఆ కావ్యానికి మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ‘సంజీవని’ అనే వ్యాఖ్య రాశాడు. మూలంలో లేనిది రాయకూడదని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం మేం పాటించలేం. మేం చేపట్టిన మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ముఖ్యం.

ప్రస్తుత గ్రంథం కూడా సందేశ కావ్యమే. కవి కూకట్‌పల్లి వాస్తవ్యుడు, బంధువర్గంలో అందరికీ పెద్దబావ. శ్రోతలు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, బెంగళూరు నగరాల్లో చెదిరి ఉన్న అత్తలు, పిన్నులు, బావలు, మరదళ్ళు. గ్రంథం పేరు ‘రిషికేశ్ ఫైనల్ 2’. పేరులో ‘2’ ఉంది కాబట్టి ‘1’ ఉండేదని అనుమాన ప్రమాణం వల్ల తెలుస్తోంది. అదీ ఫైనలే అని శబ్ద ప్రమాణం వల్ల తెలుస్తోంది.

మూలం

‘హాయ్ ఆల్. ఈసారి పక్కా. మార్చి ఫస్ట్ వీకెండ్ రిషికేశ్ రాఫ్టింగ్. శివ్‌పురి టు లక్ష్మణ్ ఝూలా, 16 కి.మీ. బీచ్ క్యాంప్ ఒక నైట్. ఈత రాకపోయినా పర్లేదు. పిల్లలు ఓకే. గైడ్ ఉంటాడు, అన్నీ వాడే చూసుకుంటాడు. తలా 2,000 జీపే చెయ్యండి. నో బ్యాకౌట్.’

ఛందస్సు: గద్యం. యతి లేదు, ప్రాస లేదు. చివర రెండు పడవ బొమ్మలు, ఒక కండ తిరిగిన చెయ్యి కొన్ని ప్రతుల్లో కనబడుతున్నాయి. చెయ్యి ప్రక్షిప్తమని మా అభిప్రాయం. కవిని ఎరిగినవారెవరూ దాన్ని మూలంలో చేర్చుకోరు.

వ్యాఖ్యాన పద్ధతి: మీమాంసకులు వాక్యాల్ని వేరు చేస్తారు. ఫలానాది చెయ్యమనేది విధి. చెయ్యొద్దనేది నిషేధం. చెయ్యాలని మనసు పుట్టించడానికి పొగిడేది అర్థవాదం. ఈ సందేశంలోని వాక్యాల్ని ఆ జల్లెడలో పోస్తే విధి ఒక్కటే నిలుస్తుంది: ‘జీపే చెయ్యండి’. నిషేధం ఒక్కటి: ‘నో బ్యాకౌట్’. తక్కినదంతా అర్థవాదం. యాత్రా వాఙ్మయానికి ఇది సామాన్య లక్షణం. కానీ ఇక్కడ నది ఉంది. నది దగ్గర అర్థవాదం చెల్లదు. అందుచేత దాగి ఉన్న విధుల్ని పైకి తియ్యడమే ఈ టీక పని.

1. ‘ఈసారి పక్కా’

టీక: ఈసారి = లోగడ అనుకున్నసార్లు కానిది; పక్కా = అప్పుడూ ఇలాగే అన్నది. శుద్ధ అర్థవాదం. ముందుకు పోదాం.

2. ‘మార్చి ఫస్ట్ వీకెండ్’

టీక: మార్చి = ఆంగ్లమానం మూడో నెల; వీకెండ్ = శని ఆదివారాలు, సోమవారం సెలవు పెట్టగలిగినవాడికి అదీను.

పూర్వపక్షం: ‘మార్చిలో ఎలారా, మా వాడికి ఇంటర్ పరీక్షలు’ అని విజయవాడ పిన్ని. ‘ఇయర్ ఎండింగ్, బ్యాంకులో ఎవడిస్తాడు సెలవు’ అని వైజాగ్ బావ. ‘ఏప్రిల్‌లో పెట్టుకుందాం’ అని బెంగళూరు మరదలు. ‘ఏప్రిల్‌లో నాకు కుదరదు’ అని మళ్ళీ ఆవిడే. మొత్తమ్మీద మార్చిలో ఖాళీగా ఉన్నది నది ఒక్కటే.

సిద్ధాంతం: వీళ్ళంతా తమ తమ తీరికలు చెప్పుకున్నారు గాని, నది సంగతి ఎవరూ అడగలేదు. రిషికేశ్‌లో రాఫ్టింగ్ సెప్టెంబరు చివర్లో మొదలై జూన్ చివరిదాకా సాగుతుంది. జులై, ఆగస్టు నెలల్లో వానల ఉద్ధృతికి ఆపేస్తారు. తెరిచి ఉన్న నెలల్లో కూడా నది ఒకలా ఉండదు. వానలు వెనకబట్టిన కొత్తలో నీళ్ళు బలంగా, బురదగా వస్తాయి. చలికాలంలో నీటిమట్టం తగ్గి, చల్లదనం ఎముకలకి తగులుతుంది. మార్చిలో నీళ్ళు ఆకుపచ్చగా తేటగా ఉంటాయి. ఎండ హాయిగా ఉన్నా నీళ్ళు మాత్రం వణికిస్తాయి. మే, జూన్‌లలో పైన మంచు కరిగి ప్రవాహం పెరుగుతుంది. ఒడ్డున బదరీ కేదార యాత్ర కూడా జోరందుకుని, నది మీద కన్నా రోడ్డు మీదే ఎక్కువ సేపు గడపాల్సి వస్తుంది. కాబట్టి మార్చి అన్న కవి మాట మంచిదే. కవికి ఈ కారణాలు తెలిసి అన్నాడా, ఆ వారం విమానం టికెట్టు చవగ్గా దొరికి అన్నాడా అనేది మరో చర్చ.

విశేషం: పూర్వం జహ్నువు గంగనంతా తాగేసి చెవిలోంచి వదిలాడు. ఇప్పుడు ఆ పని టెహ్రీ ఆనకట్ట చేస్తోంది. భాగీరథి మీద 260.5 మీటర్ల ఎత్తున లేచి, 2006 నుంచి నదిని తాగి టర్బైన్ల గుండా వదులుతోంది. దాని దిగువన కోటేశ్వర్ ఆనకట్ట మరో గుక్క. అలకనందది వేరే దారి. ఈ రెండూ దేవప్రయాగలో కలిశాకే నదికి గంగ అనే పేరు. మన పడవ కింద పారే నీళ్ళలో కొంత భాగం హిమాలయం ఇష్టమైతే, మరికొంత భాగం కరెంటు వాడకం ఇష్టం. అందుకని ‘నీళ్ళు ఇవాళ ఎలా ఉన్నాయి’ అని ఆ ఉదయమే అక్కడివాళ్ళని అడగాలి. ఇది మూలంలో లోపించిన మొదటి విధి.

3. ‘రిషికేశ్’

టీక: రిషికేశ్ = గంగ కొండల్లోంచి బయటపడి మైదానం ముఖం చూసే చోటు. డెహ్రాడూన్ విమానాశ్రయం జాలీ గ్రాంట్‌లో దిగితే దగ్గర. రైల్లో ఢిల్లీ చేరి, హరిద్వార్ మీదుగా వచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఈ పదం మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది వైజాగ్ బావది: ‘బావా, అక్కడ చికెన్ దొరుకుతుందా?’ ఊరి పరిధిలో మాంసమూ మద్యమూ నిషిద్ధం. బావ ఆ తర్వాత చాలాసేపు ఆన్‌లైన్‌లో కనబడలేదు. రెండోది పిన్నిది: ‘గంగలో మునగడానికి వెళ్తూ హెల్మెట్ ఎందుకురా?’

పిన్ని ప్రశ్న తీసిపారేసేది కాదు. ఆవిడ తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమంలో గది తీసుకుని, వేంకటేశ్వరుణ్ణి చూసుకుని, రేవులో గొలుసు పట్టుకుని మూడు మునకలు వెయ్యాలనుకుంటోంది. బావ మునగకుండా ఉండటానికి డబ్బు కడుతున్నాడు. ఒకే నది, ఒకే కుటుంబం, ఒకే క్రియ. ఒకరికి పుణ్యం, ఇంకొకరికి ప్రమాదం. తేడా రేవుకీ కొండల సందుకీ మధ్య ఉంది. రేవులో నీళ్ళు మన కోసం కాస్త ఆగుతాయి. కొండల సందున ఆగవు.

4. ‘రాఫ్టింగ్’

టీక: రాఫ్ట్ = గాలి నింపిన లావుపాటి రబ్బరు గొట్టాల పడవ. గొట్టం లోపల గదులు గదులుగా ఉంటుంది. ఒక గదికి చిల్లు పడినా తక్కినవి నిలబెడతాయి. అడుగు అంచున రంధ్రాలు ఉంటాయి కాబట్టి పైన పడ్డ నీళ్ళు వాటంతట అవే కారిపోతాయి. మనవాళ్ళు పడవలో కూర్చుంటామనుకుంటారు. కాదు, గొట్టం అంచు మీద కూర్చుంటారు. పాదాన్ని అడ్డంగా ఉన్న గొట్టం కిందో, పాదం కోసం కుట్టిన తొడుగులోనో ఇరికించుకోవాలి. పడవతో మనిషికి ఉన్న బంధుత్వం ఆ పాదం ఒక్కటే.

పూర్వపక్షం: నదితో పాటు దిగడంలో గొప్పేముంది, ఎదురు పోకూడదా? సిద్ధాంతం: పోయినవాళ్ళున్నారు. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1977లో జెట్ బోట్లతో గంగాసాగరం దగ్గర మొదలుపెట్టి, గంగకి ఎదురెక్కుతూ హిమాలయాల్లోకి వచ్చాడు. నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డొచ్చి పడవలు ఆగిపోయాయి. అంతటివాడికే నది అక్కడ చాలంది. మనవాళ్ళ ఎదురు ప్రయాణం జీపులో. పడవని బోర్లించి జీపు టాప్ మీద కట్టి, బదరీనాథ్ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ పైకి తీసుకెళ్తారు. అప్పుడు కింద లోయలో కనబడే నది చాలా చిన్నదిగా, చాలా మంచిదిగా ఉంటుంది. వీడియో కాల్‌లో పెద్దవాళ్ళకి చూపించాల్సింది అదే. దిగాక చూపించకూడదు.

5. ‘శివ్‌పురి టు లక్ష్మణ్ ఝూలా, 16 కి.మీ.’

టీక: మొత్తం సందేశంలో అంకె వేసి చెప్పిన భౌగోళిక సత్యం ఇదొక్కటే. దీన్ని ఒక్కరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించాల్సింది దీన్నే.

ఇక్కడ పడవ ఎక్కే రేవులు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. అన్నిటికన్నా కింద బ్రహ్మపురి, రిషికేశ్‌కి పది కిలోమీటర్ల లోపే. దాని పైన శివ్‌పురి, 16. ఆ పైన మెరైన్ డ్రైవ్, పాతిక దాకా. అన్నిటికన్నా పైన కౌడియాలా, 35 దాటి. పైనుంచి ఎక్కినకొద్దీ దూరం పెరుగుతుందని మనవాళ్ళు లెక్క వేసుకుంటారు. పెరిగేది దూరం ఒక్కటే కాదు. కౌడియాలా నుంచి వచ్చేవాళ్ళకి ‘ది వాల్’ అనే రాపిడ్ తగులుతుంది. పడవల్ని తిరగెయ్యడంలో దానికి పేరుంది. శివ్‌పురి నుంచి వచ్చేవాళ్ళకి అది తగలదు. వీళ్ళకి ‘రిటర్న్ టు సెండర్’, ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ చాలు. కాబట్టి మొదటిసారి వచ్చేవాళ్ళకి కవి చెప్పిన రేవు తగినదే. బ్రహ్మపురి కూడా తప్పేం కాదు. ‘అంత దూరం వచ్చి చిన్నదా’ అని వైజాగ్ బావ అంటాడు. విమానంలో వచ్చిన దూరాన్ని బట్టి నదిలో వెళ్ళే దూరం నిర్ణయించకూడదు. ఇది రెండో విధి.

పేర్ల మీద విశేషం: వేయి నామాలున్న నది. వసిష్ఠుడు తపస్సు చేశాడని చెప్పుకునే గుహ ఆ ఒడ్డునే ఉంది. అలాంటి లోయలో నీళ్ళకి గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్, హిల్టన్ అని పేర్లు. పాత వ్యాఖ్యాత అయితే ఇక్కడ ముక్కు చిట్లించేవాడు. మేం చిట్లించం. పేరు పెట్టినవాడు అక్కడ ఎన్నోసార్లు తడిసినవాడు. తడిసినవాడికి నామకరణ హక్కు ఉంటుంది.

రాపిడ్ అంటే ఏమిటో కాస్త నిలబడి చూడాలి. కొండల్లోంచి దిగే పిల్లవాగులు వానల్లో బండల్ని తెచ్చి నదిలో పడేస్తాయి. దారి ఇరుకవుతుంది. అంతే నీళ్ళు అంత సందులోంచే పోవాలి కాబట్టి వేగం పెరుగుతుంది; కింద బండని ఎక్కి దిగేచోట అల లేస్తుంది. సముద్రంలో అల ముందుకొస్తుంది, నీళ్ళు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ అల ఉన్నచోటే ఉంటుంది, నీళ్ళు పోతుంటాయి. అందుకే గైడ్లు దానికి పేరు పెట్టగలిగారు. మర్నాడు వచ్చినా అది అక్కడే ఉంటుంది. పెద్ద బండ వెనకాల నీళ్ళు వెనక్కి తిరిగి ఎగువకి పారతాయి. పడవ ఆపుకోవడానికి అదే చోటు. పెద్ద బండ మీంచి నిట్టనిలువుగా పడ్డచోట నీళ్ళు అక్కడక్కడే సుళ్ళు తిరుగుతాయి. పడవనైనా మనిషినైనా పట్టి ఉంచేది అదే. పైనుంచి చూసేవాడికి నది తన దారి తానే గీసి చూపిస్తుంది. రెండు నురగ గీతలు దిగువన ఒకచోట కలుస్తూ కోసు కిందికి ఉంటే మధ్యలో దారి ఉన్నట్టు. కోసు ఎగువకి ఉంటే అక్కడ బండ దాక్కుని ఉన్నట్టు.

ఈ రాపిడ్లని ఒకటి నుంచి ఆరు దాకా తరగతులు కట్టారు. ఒకటి అంటే నీళ్ళు కులాసాగా నడుస్తున్నట్టు. మూడు అంటే అలలు పడవని నింపగలవు, ఒడుపు కావాలి. నాలుగు అంటే బలమైనవి, తప్పు చేస్తే శిక్ష వెంటనే. ఆరు అంటే మామూలు మనుషులు ఒడ్డున నిలబడి చూడాల్సినవి. తరగతి బండకి శాశ్వతంగా చెక్కింది కాదు. నీళ్ళు పెరిగితే మూడు నాలుగవుతుంది, కొన్ని చోట్ల బండ మునిగిపోయి నాలుగు మూడవుతుంది. పిల్లవాడు ఏడాదికి ఒక్కసారే తరగతి మారతాడు. నది రోజూ మారుతుంది.

6. ‘బీచ్ క్యాంప్ ఒక నైట్’

టీక: ఒడ్డున తెల్లటి ఇసుక, గుడారం, చలిమంట అని కవి భావం. అది పాత రూఢి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా నుంచి రిషికేశ్ దాకా నది ఒడ్డున క్యాంపుల్ని ఆపేసింది. ఇసుక మీద చెత్తే కారణం. ఆ తర్వాత నిబంధనలతో కొన్ని వచ్చినా, ఇప్పుడు క్యాంపు అన్న పేరుతో దొరికేది చాలామట్టుకు కొండవాలు మీద. పేరు మిగిలింది, ఇసుక పోయింది. ‘బీచ్’ అన్నది నిజంగా ఎంత దూరమో బుక్ చేసేముందే అడిగితే రాత్రి గొడవ తప్పుతుంది.

7. ‘ఈత రాకపోయినా పర్లేదు’

టీక: ఇది సందేశానికి ప్రాణం. ఈ ఒక్క వాక్యం వల్లే పిన్ని కొడుకు, బెంగళూరు మరదలు, కవి స్వయంగా ప్రయాణానికి ఒప్పుకున్నారు.

పూర్వపక్షం: ఈత రాకుండా నదిలోకి దిగడమేమిటి, బుద్ధి ఉందా అని పెద్దత్త. సిద్ధాంతం: కవి చెప్పింది సత్యమే, కానీ సగమే. తేల్చే పని లైఫ్ జాకెట్టు చేస్తుంది. అంత వేగంలో ఈత వచ్చినవాడు కూడా నదికి ఎదురు ఈదలేడు. స్విమ్మింగ్ పూల్‌లో చేప అనిపించుకున్నవాడు చల్లటి నీళ్ళు ఒక్కసారి గుండెకి తగలగానే ఊపిరి బిగబట్టి, చేతులు కొట్టి, ఉన్న ఓపిక ముందే తగలేసుకుంటాడు. కాబట్టి ఈత రాకపోతే పర్లేదు. లైఫ్ జాకెట్టు సరిగ్గా కట్టుకోకపోతే మాత్రం పర్లేదు అనడానికి లేదు. గోదావరి మీద 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం జరిగాక ఈ మాటకి తెలుగువాళ్ళకి టీక అక్కర్లేదు.

మిగతా సగం ఇది. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలాలి. కాళ్ళు దిగువకి, కాలివేళ్ళు నీళ్ళ పైకి కనబడాలి. అప్పుడు బండ ఎదురైతే తల కాకుండా పాదం తగులుతుంది. నీళ్ళు మోకాలి లోతే కదా అని పారే నీళ్ళలో లేచి నిలబడకూడదు. బండల సందులో పాదం ఇరుక్కుంటే, వెనకనుంచి తోసే నీళ్ళు మనిషిని ముందుకి వంచేస్తాయి. లోతు తక్కువైన చోటే ఇది ప్రమాదం. తాడు విసిరితే తాడునే పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. పడవ తిరగబడి దాని కింద తేలితే కంగారుపడి అటూ ఇటూ తడమకుండా, ఒకే వైపుకి చేతులతో తోసుకుంటూ బయటికి రావాలి. పడవ చుట్టూ తాడు కట్టి ఉండేది పట్టుకోవడానికే.

ఇవన్నీ రాయడానికి ఒక్క పేరా చాలు. టిఫిన్‌కి ఇడ్లీయా పరాఠాయా అన్న చర్చ గ్రూపులో అంతకన్నా చాలా పొడుగు సాగింది. పడితే ఎలా తేలాలో ముందే తెలుసుకోవడం మూడో విధి.

8. ‘పిల్లలు ఓకే’

టీక: 14 ఏళ్ళ లోపు వాళ్ళని రాపిడ్లలోకి ఎక్కించుకోరు. కవి ‘పిల్లలు’ అన్నప్పుడు ఆయన దృష్టిలో ఇంటర్ చదివేవాడు ఉన్నాడు. వైజాగ్ అక్కయ్య దృష్టిలో ఆరేళ్ళది ఉంది. ఈ శ్లేషని రేవు దగ్గర విడదీస్తే ఏడుపులు. ఇంటి దగ్గరే విడదియ్యాలి. గుండె జబ్బు, కొత్తగా జరిగిన ఆపరేషన్, గర్భం, మూర్ఛ ఉన్నవాళ్ళు ఒడ్డున ఉండాలి. ఒడ్డున ఉండేవాళ్ళకి లక్ష్మణ్ ఝూలా వైపు బజార్లున్నాయి, పిన్నికి తోడూ ఉంటుంది. ఎవరు ఎక్కకూడదో ముందే తేల్చడం నాలుగో విధి.

9. ‘గైడ్ ఉంటాడు, అన్నీ వాడే చూసుకుంటాడు’

టీక: గైడ్ = పడవ వెనక కూర్చుని దిశ చూసేవాడు; తరచు గఢ్వాలీ కుర్రవాడు, మనకన్నా చిన్నవాడు. ‘అన్నీ’ అన్నచోట మాకు అభ్యంతరం ఉంది.

శివ్‌పురి ఇసుక మీద ఏం జరుగుతుందో చూడండి. పడవ ఒడ్డున పడి ఉంటుంది. గైడు ఒక్కొక్కరి ముందుకొచ్చి, లైఫ్ జాకెట్టు భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని పైకి గుంజుతాడు. జాకెట్టు చెవులదాకా లేచిందా, పక్క బకిల్స్ ఇంకా బిగిస్తాడు. ఊపిరాడట్లేదని బావ అంటే నవ్వి మరికాస్త బిగిస్తాడు. తర్వాత తెడ్డు ఇస్తాడు. దాని చివర టీ ఆకారపు పిడి ఉంటుంది. అరచెయ్యి ఆ పిడి మీంచి తీయొద్దంటాడు. వదిలేస్తే అది ఎగిరి పక్కవాడి పళ్ళు రాలగొడుతుంది. ఆ తర్వాత హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు నేర్పుతాడు: ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్, గెట్ డౌన్. బల్లపరుపుగా ఉన్న నీళ్ళలో ఒకసారి చేయించి చూస్తాడు. సరిగ్గా అప్పుడే మనవాళ్ళలో సగంమంది ఫోన్ ఎక్కడ దాచాలా అని చూస్తుంటారు.

సూత్రానికి లక్షణం అక్షరాలు తక్కువ ఉండటం, సందేహం లేకపోవటం. గైడు చెప్పే నాలుగు మాటలూ సలక్షణమైన సూత్రాలు. వాటిలో అర్థవాదం రవ్వంత లేదు. ‘వీలైతే కాస్త ముందుకి వేద్దామా’ అని అతను అడగడు.

‘అన్నీ వాడే చూసుకుంటాడు’ అన్నది ఎందుకు తప్పో వినండి. పడవ ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోతుంటే వెనకవాడు ఎంత తెడ్డు తిప్పినా దిశ మారదు. ప్రవాహం కన్నా కాస్త వేగమో, కాస్త నెమ్మదో ఉంటేనే పడవ మాట వింటుంది. ఆ తేడా పుట్టించేది ముందున్న తెడ్లు. చూడటం అతని వంతు, వెయ్యటం మన వంతు. చిత్రమేమిటంటే, పెద్ద అల ఎదురవగానే మనిషికి తెడ్డు పైకెత్తి, తాడు పట్టుకుని, అమ్మవారిని తలుచుకోవాలనిపిస్తుంది. తెడ్డు ఆపకూడని క్షణం అదే. తెడ్డు నీళ్ళలో ఉన్నంతసేపు అదే ఊతం కూడా. ముందు వరసలో ఇద్దరి లయని చూసి వెనకవాళ్ళంతా వేస్తారు కాబట్టి, ముందు కూర్చోవాల్సింది వయసులో పెద్దవాళ్ళు కాదు, ఫొటోల్లో బాగా పడేవాళ్ళు కాదు, చెప్పగానే వేసేవాళ్ళు. ఇది అయిదో విధి. బంధువర్గంలో దీన్ని అమలుచెయ్యడం అన్నిటికన్నా కష్టం.

నిబంధనలంటే చిరాకు పడేవాళ్ళకి ఒక చరిత్ర: 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, సరైన నిబంధనలు చేసేదాకా రాష్ట్రంలో రాఫ్టింగ్ మొత్తం ఆపమంది. ఆ ఇసుక మీద గైడు జాకెట్టు గుంజి చూడటం వెనక అంత కథ ఉంది. అలల మధ్య అతను ఓడ మల్లయ్య. ఒడ్డు చేరి, మ్యాగీ తిని, బట్టలు మార్చుకున్నాక అతన్ని బోడి మల్లయ్యని చెయ్యకుండా, చేతిలో ఏమైనా పెట్టి రావడం మర్యాద.

10. ‘తలా 2,000 జీపే చెయ్యండి. నో బ్యాకౌట్’

టీక: అర్థం స్పష్టం. రాకపోతే ఆ డబ్బు గంగలో కలుస్తుంది. ఇక్కడ జాతీయం, యథార్థం రెండూ ఒకటే.

స్పందనలు, పాఠాంతరాలు

సందేశానికి కింద బొటనవేలు బొమ్మలు చాలా వచ్చాయి. బొటనవేలుకి మూడర్థాలు: వస్తాను, చదివాను, చదవలేదు. సందర్భాన్ని బట్టి చెప్పుకోవాలి. డబ్బు పంపినవాడి బొటనవేలుకి మొదటి అర్థం, తక్కినవాటికి మూడోది. బెంగళూరు మరదలు ఏదో రాసి తుడిపేసింది. ‘ఈ సందేశం తొలగించబడింది’ అనే గుర్తు మిగిలింది. పండితులు దీన్ని గ్రంథపాతం అంటారు. ఆ పాతంలో ఏముందో ఊహించి పెద్దత్త, వైజాగ్ అక్కయ్య విడివిడిగా ఫోన్లు చేసుకున్నారు. ఆ వ్యాఖ్యలు మాకు లభ్యం కాలేదు.

తాత్పర్యం

భగీరథుడు ఒక్కడు గనక గంగ కిందికి దిగింది. ఆయనా గ్రూపు పెట్టి ఉంటే ఇంకా ఆకాశంలోనే ఉండేది. ఇది హాస్యం. దీని వెనక మీమాంసకుల మాట ఒకటి ఉంది: ఏకవాక్యత. వేర్వేరు వాక్యాలన్నీ కలిసి ఒకే అర్థాన్ని చెప్పాలి, అప్పుడే కర్మ సాగుతుంది. మన గ్రూపులో వాక్యాలకి కొదవ లేదు, ఏకవాక్యత లేదు. అది తప్పని మేం అనం. ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో, ప్రయాణాల్లో మనవాళ్ళు అలాగే బతుకుతారు. నలుగురు నాలుగు మాటలు అనకపోతే అది చుట్టరికమే కాదు. చివరికి ఎలాగో రైలు ఎక్కుతారు, ఎలాగో దిగుతారు. సర్దుబాటు అనే గుణం అన్నిటినీ గట్టెక్కిస్తుంది.

రోలర్ కోస్టర్ అల ముందు సర్దుబాటుకి వ్యవధి ఉండదు. అక్కడ ఒకే గొంతు, ఒకే మాట, అందరి తెడ్లూ ఒకేసారి. నెలల తరబడి ఒక తేదీ మీద కలవనివాళ్ళు ఒక అర నిమిషం ఒక మాట మీద కలవాలి. ప్లాన్ అన్నదానికి అసలు పని ఆ అర నిమిషానికి మనుషుల్ని తయారుచెయ్యడం. హోటలూ, టిఫినూ, ఫొటోలూ దాని చుట్టూ ఉండేవి మాత్రమే. కాబట్టి మూలాన్ని ఇలా సవరించి చదువుకోవాలని మా మనవి: ఆ ఉదయం నీళ్ళెలా ఉన్నాయో అడగండి. మీ అనుభవానికి తగిన రేవులోనే ఎక్కండి. పడితే ఎలా తేలాలో ఇంటి దగ్గరే నేర్చుకోండి. ఎవరు ఎక్కకూడదో ముందే మొహమాటం లేకుండా తేల్చండి. చెప్పిన మాట వినేవాళ్ళని ముందు కూర్చోబెట్టండి. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యని చదివినవాళ్ళు తడిసి బయటికి వస్తారు. చదవకుండా బొటనవేలు చూపినవాళ్ళు మునిగి బయటికి వస్తారు. గైడు జాకెట్టు పట్టి పడవలోకి లాగుతాడు, పిన్ని మాత్రం దాన్ని గంగాస్నానం కింద ఒప్పుకోదు. తెడ్డు వేసినవాళ్ళకి మర్నాడు భుజాల నొప్పి దక్కుతుంది. వెయ్యకుండా కెమెరా వైపు నవ్వినవాళ్ళకి వీడియోలో చోటు దక్కుతుంది. మొదటిది ఉచితం. రెండోదానికి ఒడ్డున వేరే వసూలు చేస్తారు. దాన్ని తలా ఎంత పంచుకోవాలో గ్రూపులో చర్చించుకోవచ్చు.